మేస్త్రీ పనిలోకి రాని రోజు

ఆ రోజు నా కడుపులో మేస్త్రీ పనిలోకి రాలేదు.

మేస్త్రీ అంటే నా బిడ్డే. ఆ పేరు పెట్టింది కాజాల పిన్ని. సోఫా కవర్లూ దిండు గలీబులూ కుట్టే షెడ్డులో మా ఇద్దరివీ పక్కపక్క సీట్లు. నాది దళసరి గుడ్డ కుట్టే మోటారు మిషను. ఆవిడది కాజాలు కుట్టి గుండీలు తగిలించే పని. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. నా పొట్ట పెరిగి బల్ల అంచుకు ఆనుకోవడం మొదలైనప్పటి నుంచి మా షెడ్డులో ఒక వింత నడుస్తూ ఉండేది. నేను పెడల్ తొక్కి కుట్టు సాగిస్తున్నంతసేపూ లోపలివాడు బుద్ధిగా ఉండేవాడు. కుట్టు చివరికి వచ్చి పెడల్ వదిలానో లేదో, ఠపీమని ఒక తన్ను తన్నేవాడు. మళ్లీ కుట్టు మొదలుపెడితే ఊరుకునేవాడు.

ఒకసారి పిన్ని నా పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. నేను ఒక అంచు కుట్టి ఆపాను. తన్ను తగలగానే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, వీడు బిడ్డ కాదే, మేస్త్రీ, పని ఆగితే ఊరుకోడు అంది. షెడ్డంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరికి తోచినప్పుడు వాళ్లు వచ్చి మేస్త్రీ గారి తన్ను చూసిపోయేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది. ఎందుకంటే బిడ్డను కాచే మాయ నా పొట్టలో ముందువైపు ఉందనీ, అది దిండులా అడ్డం ఉంటుంది కాబట్టి కదలికలు మెత్తగా తెలుస్తాయనీ స్కానింగు రోజున నర్సు చెప్పింది. అంత అడ్డం ఉన్నా నావాడు బల్ల అదిరేట్టు తంతున్నాడంటే ఎంత గట్టివాడో అనుకునేదాన్ని.

నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో పేరు. ఏడో నెలలో ఇంకో పేరు కూడా వచ్చింది, అనుమానాల పుట్ట అని. ఒక సెలవు రోజు పొద్దుటి నుంచీ కదలికలు తెలియడం లేదని కంగారుపడ్డాను. మా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. ఆ వ్యానులోనే నన్ను ఎక్కించుకుని ఆస్పత్రికి పరుగులు పెట్టాడు. తీరా అక్కడ మంచం ఎక్కి పడుకునేసరికి లోపల ఎవరో బద్ధకంగా ఒత్తిగిలినట్టు తెలిసింది. గుండె చప్పుడు కూడా బాగుందన్నారు. వచ్చి మంచిపని చేశావు, ఎప్పుడు తేడా అనిపించినా ఇలాగే రా, ఎన్నిసార్లయినా రా అని నర్సు చెప్పింది. ఆ మాట ఇంటికి చేరేసరికి గాలికి పోయింది. మిగిలింది వెటకారమే. ఆ తర్వాత నేను తుమ్మినా చాలు, వ్యాను తియ్యమంటావా అని మా ఆయన అడిగేవాడు. అత్తయ్య పైకి నవ్వేది కాదు గానీ, ఆపుకున్న నవ్వు నాకు తెలియదా?

అందుకే నాకు నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను. బిడ్డ ఎక్కువగా కదిలే వేళ చూసుకుని రోజూ గమనించుకోమని కూడా ఆ రోజు నర్సు చెప్పింది. నా బిడ్డ ఎక్కువగా కదిలేది మిషను దగ్గరే. ఇంట్లో ఏమాత్రం అనుమానం వచ్చినా మనసుకు సర్దిచెప్పుకుని, షెడ్డుకు వెళ్లి కూర్చునేదాన్ని. మొదటి కుట్టు ఆగగానే తన్ను తగిలేది. ప్రాణం కుదుటపడేది. సెలవు రోజుల్లో ఇంట్లో కదలికలు అంతగా తెలియకపోతే, మేస్త్రీకి కూడా సెలవే కదా అని మా ఆయన అనేవాడు. నేనూ నవ్వేదాన్ని.

తొమ్మిదో నెల వచ్చింది. ఇంకొన్నాళ్లు చేసి పని మానేద్దామనుకుంటున్నాను. ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే మిషను ముందు కూర్చున్నాను. ముదురు నీలం సోఫా కవరు, మంచి మందం గుడ్డ. మొదటి అంచు కుట్టి పెడల్ వదిలాను. ఏమీ లేదు. రెండో అంచు కుట్టాను. లేదు. మూల తిప్పి, కుర్చీ ముందుకు జరుపుకుని, పొట్టను బల్లకు ఆనించి మరీ కుట్టి ఆపాను. మిషను ఉలుకూ పలుకూ లేకుండా ఆగింది. లోపలివాడూ అంతే.

"మేస్త్రీ ఇంకా రాలేదా?" అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ.

పెద్దవాళ్లు కదా, ఆలస్యంగానే వస్తారని నేనూ హాస్యమాడాను. ఆ మాట అంటుంటేనే గుండెల్లో రాయి పడింది.

టీ తాగే వేళకు కవరు పూర్తయింది గానీ ఒక్క తన్నూ తగల్లేదు. కుట్టు ఎక్కడెక్కడ వంకరపోయిందో నేను చూసుకోలేదు. బయటికి వెళ్లి అత్తయ్యకు ఫోన్ చేశాను. నెలలు నిండేకొద్దీ లోపల చోటు ఇరుకైపోతుందనీ, కదలికలు తగ్గడం మామూలేననీ, తనకు ఇద్దరు పిల్లలప్పుడూ అలాగే అయిందనీ ఆవిడ నింపాదిగా చెప్పింది. తియ్యగా ఏదైనా తాగి కాసేపు నడుం వాల్చమంది. మా ఆయనకు చేస్తే వెనక పిల్లల గోల వినిపించింది. సాయంత్రం దాకా చూద్దాం, అప్పటిలా పరుగెత్తించకు అన్నాడు. కోపంగా అనలేదు. విసుగ్గా అన్నాడు. నా నోరు మూయించడానికి ఆ విసుగు చాలు.

నలుగురిలో నవ్వులపాలు కావడమంటే నాకు చచ్చేంత భయం. ఎవరైనా మీదికొస్తే కడిగి ఆరేస్తాను గానీ, నవ్వారంటే మాత్రం కుంచించుకుపోతాను. లేకపోతే చేతిలోని టీ గ్లాసు అక్కడ పెట్టేసి తిన్నగా ఆస్పత్రికి పోవలసిన మనిషిని, వెనక్కి తిరిగి సామాన్ల గదిలోకి నడిచాను.

సామాన్ల గదిలో స్పాంజి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పిన్ని వాటి మీద ఒక పాత కర్టెను పరిచి నన్ను ఎడమవైపుకు తిరిగి పడుకోమంది. చక్కెర కలిపిన చల్లటి నీళ్లు తెచ్చి తాగించింది. తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. షెడ్డులో మిషన్ల మోత గోడలోంచి సన్నగా వినిపిస్తోంది. నేను పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి పడుకున్నాను. నాన్నా, ఒక్కసారి తన్నరా, చిన్నదైనా పరవాలేదు, ఎవరికీ చెప్పనులే అని బతిమాలుకున్నాను. నా గుండె కొట్టుకోవడమే అరచేతులకు తగులుతోంది. ఒకసారి పక్కగా ఏదో జారినట్టనిపించింది. అది బిడ్డో, తాగిన నీళ్లో తేల్చుకోలేకపోయాను. ఇన్నాళ్లూ నాకు కదలిక అంటే ఠపీమనే తన్నే. మెత్తటి కదలిక ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను.

లేచి మళ్లీ మిషను దగ్గరికి వచ్చాను. మా మాస్టారు, అంటే గుడ్డ కత్తిరించి మాకు పంచే షెడ్డు పెద్ద, నా మిషను మీద ఒక గుడ్డముక్క పెట్టి కుట్టి చూస్తున్నాడు. నన్ను చూసి కుర్చీ ఖాళీ చేశాడు.

"మిషను ఎలా ఉందమ్మా ఇప్పుడు? నిన్న సాయంత్రం మీరంతా వెళ్లాక మెకానిక్‌ని పిలిపించాను. కింద మోటారు బిగించిన బోల్టు వదులైపోయిందట. నువ్వు పెడల్ వదిలినప్పుడల్లా బల్ల గాడిద తన్నినట్టు తన్నుతోందన్నాడు. ఇన్నాళ్లూ చెప్పవేం?"

నేను ఆయన మొహం వంకే చూస్తూ నిలబడ్డాను. పెదవులు కదులుతున్నాయి, దారం తెగడం గురించి ఏదో చెబుతున్నాడు, నాకు వినిపించడం లేదు. చెయ్యి చాచి బల్ల అంచును తడిమాను. చెక్క అక్కడ నా పొట్ట ఆనీ ఆనీ నున్నబడి ఉంది.

"ఆ బోల్టు మళ్లీ వదులు చెయ్యండి," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఎందుకన్నాడు. నేను మళ్లీ అదే మాట అన్నాను. నా గొంతులో ఏం విన్నాడో, ఇంకేమీ అడక్కుండా పానా తీసుకుని బల్ల కిందికి దూరాడు. పిన్ని లేచి వచ్చి నా పక్కన నిలబడింది. చుట్టుపక్కల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మాస్టారు బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

నేను కూర్చున్నాను. కుర్చీ ముందుకు లాక్కున్నాను. గుడ్డముక్క పెట్టి జానెడు కుట్టు కుట్టి పెడల్ వదిలాను.

ఠపీమని తగిలింది.

అదే చోట, అదే బలం, అదే తన్ను. మేస్త్రీ పనిలోకి వచ్చాడు. పిన్ని అలవాటుగా నా పొట్ట మీద వేసిన చేతిని నిప్పు తగిలినట్టు లాక్కుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మరి నా బిడ్డ నిజంగా ఎప్పుడు కదిలింది? నిన్న రాత్రి? అలిసిపోయి పడుకున్నాను, తెలియదు. మొన్న? మొన్న ఇక్కడే కూర్చున్నాను, రోజంతా తన్నుతూనే ఉన్నాడని ఇంటికి వెళ్లి సంబరంగా చెప్పాను. సెలవు రోజు? మేస్త్రీకి కూడా సెలవే. స్నానం చేస్తుంటే పక్కటెముకల కింద మెత్తగా ఏదో తోసిన జ్ఞాపకం ఒకటి దొరికింది. అది ఏ రోజో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. బిడ్డను కనిపెట్టుకుని ఉన్నానని నేను అనుకున్నన్నాళ్లూ కనిపెట్టుకుని ఉన్నది ఒక బోల్టును.

"ఆస్పత్రికి పోవాలి," అన్నాను. పిన్ని చంక కింద చెయ్యి వేసి లేపింది.

కవర్లు చేరవేసే చిన్న వ్యాను బయటే ఉంది. మాస్టారు నడిపాడు. పిన్నీ నేనూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. దారిలో మా ఆయనకు పిన్నే ఫోన్ చేసి, నువ్వు ఉన్నపళంగా ఆస్పత్రికి రా, ఎందుకని అడిగావంటే వచ్చాక చెంప పగులుతుంది అని చెప్పి పెట్టేసింది. నేను పొట్ట మీది నుంచి చేతులు తియ్యలేదు. వ్యాను రోడ్డు మీద గడగడలాడుతోంది. ప్రతి గుంతకూ లోపల ఏదో తగులుతోంది. ఇప్పుడు నేను దేన్నీ నమ్మేలా లేను. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఇంజను ఆపెయ్యమని మాస్టారును అడిగాను. ఆయన ఆపాడు. పిన్ని ఊపిరి కూడా పీల్చలేదనుకుంటాను. పచ్చలైటు పడింది. వెనక బళ్లవాళ్లు హారన్లు మోగించారు. మాస్టారు నా మొహం చూస్తూ అలాగే కూర్చున్నాడు. లోపల ఏమీ లేదు. పోనివ్వండి అన్నాను.

ఆస్పత్రి ముందు గదిలో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే పేరు రాయించి కూర్చోమంది, వంతు వచ్చినప్పుడు పిలుస్తారంది. ఆ రోజు నా కోపం నాకు అక్కరకొచ్చింది.

"నా బిడ్డ కదలడం లేదు. ఎప్పటి నుంచో కూడా నాకు తెలియదు. నేను కూర్చోను."

గట్టిగా అరవలేదు, కానీ గదిలో అందరూ తల తిప్పారు. నవ్వుతారేమోనన్న భయం ఏ మూలా లేదు. ఆ అమ్మాయి లేచి లోపలికి పరిగెత్తింది. అంతకుముందు నన్ను చూసిన నర్సే వచ్చి, నా భుజం పట్టుకుని నడిపించుకుపోయింది.

మంచం మీద పడుకోబెట్టి, పొట్ట మీద చల్లటి జిగురు రాసి, గుండె చప్పుడు వినే పరికరాన్ని ఆనించింది. గరగరమని శబ్దం. ఇంకోచోట ఆనించింది. గరగర. కిందికి జరిపింది. ఒక చప్పుడు వినిపించింది, నిదానంగా, బరువుగా. నాకు ప్రాణం లేచొచ్చింది. నర్సు రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"ఇది నీదమ్మా," అంది మెల్లగా.

మళ్లీ వెతికింది. నేను కిటికీ అద్దం మీది మరకనే చూస్తూ ఉన్నాను. ఆ మరకను ఈ రోజుకీ గీసి చూపించగలను. పిన్ని నా పాదాలు పట్టుకుని నిలబడింది. నర్సు ఇంకా కిందికి, పక్కకు, లోపలికి నొక్కింది. అప్పుడు వినిపించింది. టకటకమని, ఎక్కడో దూరాన వడివడిగా.

"ఇది బిడ్డది," అంది నర్సు.

పిన్ని భోరుమంది. నేను ఏడవలేదు. నర్సు మొహంలో నవ్వు లేకపోవడం నేను చూశాను. గుండె కొట్టుకోవడం ఒక్కటే చాలదనీ, ఎలా కొట్టుకుంటుందో కాసేపు చూడాలనీ చెప్పి, పొట్ట చుట్టూ రెండు పట్టీలు బిగించింది. మంచం పక్కనున్న యంత్రంలోంచి సన్నటి కాగితం మెల్లగా బయటికి రావడం మొదలుపెట్టింది. తీగ చివర ఉన్న ఒక మీటను నా చేతిలో పెట్టి, కదలిక తెలిసినప్పుడల్లా దీన్ని నొక్కు అని చెప్పింది.

నేను బొటనవేలు దాని మీద పెట్టి పడుకున్నాను. గదిలో యంత్రం చప్పుడు తప్ప ఏదీ లేదు. వేలు ఎదురుచూస్తోంది. ఒక్కసారి నొక్కాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. నొక్కితే ఆ కాగితం మీద ఒక గుర్తు పడుతుంది, నర్సు మొహం విప్పారుతుంది, ఇంటికి పొమ్మంటుంది. అంతలో పొట్టకు ఏదో అదురు తగిలింది. వేలు బిగుసుకుంది. బయట వరండాలో ఎవరో మందుల బండి తోసుకుంటూ పోతున్నారు, దాని చక్రాలకు మంచం అదిరింది. నేను నొక్కలేదు. అదురు ఆగేదాకా ఆగి, మళ్లీ లోపలికి చెవి పెట్టినట్టు పడుకున్నాను. చాలాసేపటికి ఎడమపక్కన, లోతుగా, ఎవరో నిద్రలో వేలు కదిపినట్టు తెలిసింది. అది బల్ల కాదు, బండి కాదు, నా గుండె కాదు. నొక్కాను. ఆ తర్వాత ఎంత కాచుకున్నా ఇంకోటి రాలేదు.

కాగితం మీద గీత నాకు పక్కనుంచి కనిపిస్తోంది. ఎక్కడా వంకర లేకుండా, తాడు పట్టి గీసినట్టు సాఫీగా సాగుతోంది. కుట్టుపని చేసేదాన్ని కదా, ఇంత తిన్నటి గీత చూస్తే నా మనసుకు హాయిగా ఉంటుంది. ఎంత బాగా వస్తుందో చూడు పిన్నీ అన్నాను కూడా. నర్సు వచ్చి కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. నేను నవ్వుతూ ఆవిడ వంక చూశాను. ఆవిడ నవ్వలేదు. గబగబా బయటికి వెళ్లి డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఈ గీత ఇంత సాఫీగా ఉండకూడదమ్మా," అంది డాక్టరమ్మ, మంచం అంచున కూర్చుని. "ఎగుడుదిగుళ్లుగా ఉండాలి. హుషారుగా ఉన్న బిడ్డ గుండె ఒక్క తీరున కొట్టుకోదు. నీ బిడ్డ బాగా అలిసిపోయింది. లోపల ఇంక ఉంచొద్దు, ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేద్దాం."

ఆలస్యం చేశానా అని అడిగాను. వచ్చావు కదా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ జవాబు నా గుండెల మీద కూర్చుంది.

మంచాన్ని తోసుకుపోతుంటే వరండా చివర మా ఆయన ఎదురొచ్చాడు. వ్యానులో పిల్లలందరినీ దింపి రావాల్సి వచ్చిందట. చేతిలో తాళాలు అలాగే ఉన్నాయి. వెనకే అత్తయ్య, చెప్పులు రెండూ రెండు రకాలు వేసుకుని ఉంది. పొద్దున నేనే ఊరుకోమన్నానమ్మా, నెలలు నిండాక తగ్గుతాయి కదా అని, అంటూ ఆవిడ నర్సు దగ్గర గొణిగింది. తగ్గవనీ, చోటు ఇరుకైతే కదిలే తీరు మారుతుందేమో గానీ కదలడం తగ్గకూడదనీ, తగ్గితే ఆ పూటే రావాలనీ నర్సు నడుస్తూనే చెప్పింది. అత్తయ్య అక్కడే గోడకు ఆనుకుని ఆగిపోయింది.

"నాదే తప్పు," అన్నాడు మా ఆయన, మంచంతో పాటు నడుస్తూ.

కాదని నేను అనలేదు. నాకు ఆయన మీద కోపంగా ఉంది. ఆ కోపం ఇప్పటికీ మొత్తం పోలేదు. కానీ తలుపులు మూసుకునేదాకా ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆపరేషన్ గదిలో నడుం కింద మొద్దుబారిపోయింది. నా ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ ఒకటి తెరలా కట్టారు. దాని అంచు కుట్టు ఒకచోట ఊడి దారం వేలాడుతోంది. నేను ఆ దారాన్నే చూస్తూ పడుకున్నాను. తెర అవతల మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. ఎవరో నన్ను అటూ ఇటూ లాగుతున్నట్టుంది గానీ నొప్పి లేదు. ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని డాక్టరమ్మ ఎవరితోనో అంది. ఒక్క గుంజు గుంజినట్టయింది. కడుపు ఖాళీ అయింది.

అమ్మాయి అన్నారు. అంతే, ఇంకేమీ వినిపించలేదు. గది మూలకు అడుగులు పరిగెత్తాయి. ఏదో రుద్దుతున్నారు, ఏదో పీలుస్తున్న శబ్దం. నేను వేలాడే ఆ దారాన్ని చూస్తున్నాను. ఏడవ్వే, తిట్టవే, నన్ను తన్నవే అనుకుంటున్నాను. అప్పుడు ఆ మూల నుంచి పిల్లికూన మూలిగినట్టు ఒక చిన్న ఏడుపు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. ఈసారి కాస్త కోపంగా. నా పోలికే.

మొదట చూపించి తీసుకుపోయారు. వేరే గదిలో అద్దాల పెట్టెలో ఉంచారు. బరువు తక్కువ ఉందనీ, ఊపిరికి కాస్త సాయం కావాలనీ, భయం లేదనీ చెప్పారు. భయం లేదన్నది నాకు ఎక్కలేదు. ఎవరు లోపలికి వచ్చినా ముందు మొహం చూసేదాన్ని, తర్వాతే మాట వినేదాన్ని. మా ఆయన అద్దం అవతల నిలబడి చూసి వచ్చి, కాళ్లు కదుపుతోంది అని చెప్పేవాడు. నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా అని అడిగేదాన్ని. చూశాను అనేవాడు. పెట్టె అదిరిందేమో అనేదాన్ని. ఆయన మళ్లీ వెళ్లి చూసి వచ్చేవాడు. వెటకారం చేసే మనిషి ఇంత ఓపిక ఎక్కడ దాచుకున్నాడో నాకు తెలియదు.

పిన్ని చూడటానికి వచ్చింది. మాస్టారు ఆ రోజే ఆ బోల్టును బిగించేసి, మిగతా మిషన్ల కింద కూడా దూరి అన్నీ చూసుకున్నాడట. నా సీటులో ఎవరూ కూర్చోవడం లేదట. "నేను నీ పొట్ట మీద చెయ్యి వేసి ఆ పేరు పెట్టకపోతే నువ్వు ఎప్పుడో కనిపెట్టేదానివి," అని పిన్ని కళ్లొత్తుకుంది. అందరం నవ్వాం కదా పిన్నీ, నేను ఇంకా ఎక్కువ నవ్వాను అన్నాను. ఆవిడ నా జుట్టు దువ్వి జడ వేసి వెళ్లింది.

పిల్లను నా పక్కకు తెచ్చిన రోజు ఎండ మంచం మీదికి వచ్చి ఉంది. నర్సు దుప్పటి విప్పి, ఒంటికి ఒళ్లు తగిలేలా నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టింది. పిడికెడంత మొహం, నుదుటి మీద ముడతలు, నిజంగానే ఏదో తప్పు పట్టడానికి వచ్చినట్టు ఉంది. మా ఆయన కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. అత్తయ్య తలుపు దగ్గరే నిలబడింది, రమ్మన్నదాకా రాలేదు.

పిల్ల కాలు నా కుట్ల పైన, ఖాళీ అయిన పొట్ట మీద ఆనుకుని ఉంది. కాసేపటికి ఆ కాలు ముడుచుకుంది. మళ్లీ చాచింది. మెత్తగా, ఓ పక్కకు, ఒక తీరూ వరసా లేకుండా తన్నింది. ఆగింది. ఇంకోచోట తన్నింది, ఇంకోలా. ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను. తొమ్మిదో నెల దాకా మోసి, నా బిడ్డ తన్ను ఎలా ఉంటుందో నేను అప్పుడు తెలుసుకున్నాను.

"ఏమైంది, ఎందుకు ఏడుస్తున్నావ్?" అన్నాడు మా ఆయన.

నా కుడిచెయ్యి మంచం మీద ఉంది. దాని బొటనవేలు, పిల్ల కదిలినప్పుడల్లా, దుప్పటి అంచును నొక్కుతోంది.